కొండ దీవి అయిన చోటు



కొరియా దేశానికి దక్షిణాన, సముద్రం మధ్య, జేజు అనే దీవి ఒకటి ఉన్నది. ఎన్నో లక్షల సంవత్సరాల కిందట అగ్నిపర్వతం కక్కిన రాతిద్రవం గడ్డకట్టి ఆ దీవి ఏర్పడింది. దాని నడిమధ్య హల్లాసాన్ అనే కొండ ఉన్నది. దాని ఎత్తు దాదాపు 1,950 మీటర్లు. ఆ దీవిలో ఎక్కడ చూచినా నల్లరాతితో చెక్కిన బొమ్మలు కనబడతాయి. గుడ్లు ఉబ్బించి, నెత్తిన టోపీ పెట్టుకొని, పొట్టమీద చేతులు ఆనించుకొని అవి నిలబడి ఉంటాయి. వాటిని అక్కడివారు తమ భాషలో "రాతి తాత" అంటారు. ఆ దీవి ఆడవాళ్లు కొందరు ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి, నత్తలూ నాచూ ఏరుకొని వస్తారు. కొరియాలో బడిపిల్లలు తమ ఉపాధ్యాయుల వెంట జట్లు జట్లుగా ఈ దీవికి విజ్ఞానయాత్ర వెళ్లడం చాలాకాలంగా ఉన్న ఆచారం.

ఈ మాట చెబితే మన కర్నూలు పిల్లవాడో, కడప పిల్లవాడో ఏమంటాడు? "మాకు సముద్రమే లేదు గదా! ఇక దీవి ఎక్కడిది? మా ఊళ్లో చూడబోతే ఎర్రనేలా, ఎండిన వంకలూ, నాపరాళ్లూ తప్ప ఏమీ లేవు" అంటాడు.

అయితే వినండి. దీవి పుట్టడానికి సముద్రమే ఉండనక్కర లేదు. మన కృష్ణానది నీళ్ల మధ్య ఒక దీవి ఉన్నది. దానిని అగ్నిపర్వతం పుట్టించలేదు, మనుషులు పుట్టించారు. దాని వయస్సు మీ తాతగారి వయస్సు కంటే ఎక్కువేమీ కాదు. ఆ దీవి పేరు నాగార్జునకొండ. దీవికి కొండ అని పేరేమిటి అంటారా? ఆ సంగతి తెలుసుకోవడానికే ఈ నెల మనం అక్కడికి బయలుదేరుతున్నాం. ఇక ఆ నాపరాళ్ల మాట కూడా గుర్తుపెట్టుకోండి. దానితో తరువాత పని ఉన్నది.

బయలుదేరే ముందు ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. వెడల్పాటి గిన్నె ఒకటి తీసుకోండి. తడిపిన ఎర్రమట్టితో దానిలో ఒక లోయ చేయండి. మూడువైపులా ఎత్తుగా గట్లు పోయండి. నాలుగోవైపున వేలితో ఒక గాడి గీయండి. అది నది. లోయ మధ్య ఒక గుట్ట నిలబెట్టండి. తరువాత నది పక్కన మట్టి నింపిన నాలుగు అగ్గిపెట్టెలు పెట్టండి. అవి ఊళ్లు. ఇప్పుడు చెంబుతో నీళ్లు మెల్లగా పోస్తూ ఉండండి. మొదట ఏది మునిగింది? ఆ తరువాత ఏది? చివరికి నీటిపైన మిగిలింది ఏది? చూచిన వరుసలోనే నోటుపుస్తకంలో వ్రాసుకోండి. ఆ పుస్తకమూ, ఒక పెన్సిలూ యాత్రకు మీ వెంట రావాలి.

ఇక బయలుదేరుదాం. కర్నూలులో తెల్లవారుజామున బస్సెక్కితే నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరుతాం. అక్కడనుండి నల్లమల అడవి మొదలు. ఈ అడవి పులులకు రక్షితస్థలం. కనుకనే ఆత్మకూరు, దోర్నాల మధ్య ఉన్న అడవి దారిలో రాత్రివేళ బండ్లను వదలరు. పగటిపూట పోయేవారు కూడా హారన్లు మోగించకుండా, కాగితాలూ సీసాలూ పారవేయకుండా పోవాలి. దారిలో కోతులకు బొరుగులు వేస్తే పుణ్యం వస్తుందనుకోకండి. తిండికోసం రోడ్డుమీదికి రావడానికి అలవాటుపడిన కోతి ఏదో ఒకరోజు బండి కింద పడుతుంది.

దోర్నాల దగ్గర దారి చీలుతుంది. ఎడమవైపు పోతే శ్రీశైలం. మనం అటు పోకుండా ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ అనే ఊరు చేరుతాం. కడపనుండి వచ్చే పిల్లలయితే గిద్దలూరు, మార్కాపురం దారిన వచ్చి ఎర్రగొండపాలెం దగ్గర మనలను కలుసుకుంటారు. మార్కాపురం పేరు మీ తాతలకు బాగా తెలుసు. వారు అక్షరాలు దిద్దుకొన్న పలకలు ఆ ఊరి రాయే!

సాయంత్రానికి విజయపురి సౌత్‌లో దిగి, కట్టుకొని వచ్చిన జొన్నరొట్టెలూ, వేరుశనగ పొడీ తిని పడుకుందాం. పొద్దున్నే లాంచీ ఎక్కాలి. ఒక్క జాగ్రత్త: శుక్రవారం అక్కడి మ్యూజియానికి సెలవు. కనుక యాత్ర రోజును అది చూచుకొని నిర్ణయించుకోవాలి.

లాంచీ కదిలింది. చుట్టూ నీళ్లు, నీళ్ల అంచున కొండలు. దాదాపు ముప్పావుగంట ప్రయాణం. ఈ సమయంలో అందరూ ఒకవైపే చేరి కేకలు వేయక, రక్షణకోసం ఇచ్చిన కోట్లు తొడుక్కొని కూర్చోండి. మన కాళ్ల కింద, నీటి అడుగున, ఏమున్నదో చెబుతాను.

మన కింద ఒక లోయ ఉన్నది. ఆ లోయలో ఒకప్పుడు ఒక నగరం ఉండేది. దాని పేరు విజయపురి. శాతవాహనుల తరువాత, మూడవ శతాబ్దంలోనూ నాలుగవ శతాబ్దం మొదటిలోనూ, ఇక్ష్వాకు వంశపు రాజులు ఆ నగరంనుండి రాజ్యం చేశారు. వారిలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. అతను అశ్వమేధయాగం చేసినవాడు. కాని ఆ ఇంటి ఆడవారు చాలామంది బౌద్ధ భిక్షువులకు విహారాలు కట్టించారు. రాజుగారి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి గొప్ప దానాలు చేసింది. ఒకే ఇంట్లో అన్నగారు యాగం చేస్తే, చెల్లెలు చైత్యానికి స్తంభం నిలబెట్టింది! ఇంట్లో పోట్లాట వచ్చినట్టు మాత్రం ఏ శాసనంలోనూ లేదు.

ఆ రాజులు పోయారు. నగరం పాడుపడింది. మట్టి కప్పేసింది. ముళ్లకంపలు మొలిచాయి. ఆ తరువాత ఎప్పుడో ఆ కొండమీద ఒక కోట కట్టారు, అదీ శిథిలమైంది. పదహారు వందల సంవత్సరాలు గడిచాయి. పశువుల కాపరులు తప్ప ఆ లోయ లోపలికి పోయేవారు తక్కువ.

ఇంతలో 1926 వచ్చింది. సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ చోట పాతకాలపు స్తంభం ఒకటి చూశాడు. అలాంటి స్తంభాన్ని ఆయన కంటే ముందు ఎంతమంది చూడలేదు! దానికి ఎడ్లను కట్టినవారు ఉండవచ్చు, దాని నీడన కూర్చుని చద్దన్నం తిన్నవారు ఉండవచ్చు. కాని ఆ పంతులుగారు చూచి ఊరుకోలేదు. మద్రాసు ప్రభుత్వానికి ఆ సంగతి తెలియజేశాడు. దానిమీద శాసనాల శాఖలో తెలుగు సహాయకుడుగా ఉన్న సరస్వతి అనే ఆయన వచ్చి చూచి, ఇక్కడ త్రవ్వవలసినది చాలా ఉన్నదని గుర్తించాడు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ అనే దొర త్రవ్వించాడు. 1938లో టి. ఎన్. రామచంద్రన్ గారు మళ్లీ త్రవ్వించారు. మహాచైత్యం లోపల, చిన్న బంగారు భరిణెలో, ఒక ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుని ధాతువని బౌద్ధులు పూజిస్తారు.

చూచారా! ఒక పంతులుగారు ఒక్క స్తంభాన్ని చూచి నలుగురికీ చెప్పినందువల్ల ఒక రాజధాని బయటపడింది.

కాని ఆ ఆనందం ఎంతోకాలం నిలవలేదు. కృష్ణానదికి అడ్డంగా, ఈ లోయకు దిగువన, గొప్ప ఆనకట్ట కట్టాలని నిర్ణయించారు. మన కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు నాగార్జునసాగరానికి పునాదిరాయి వేశారు. ఆనకట్ట లేచిందంటే లోయ అంతా మునిగిపోవలసిందే.

అప్పుడేం చేయాలి? ఆనకట్ట వద్దందామా? పంటలకు నీరులేక కరువుతో అలమటించే పల్లెలు ఎన్నో ఉన్నవి. నగరం పోతే పోనిమ్మందామా? పోయినది మళ్లీ దొరకదు. పెద్దలు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారు. నీళ్లు వచ్చేలోగా లోయ అంతా త్రవ్వి చూడాలి. ముఖ్యమైన కట్టడాలను విప్పి, నీళ్లు అందని చోటికి చేర్చాలి. ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు లోయను గాలించారు. అక్కడ ఇక్ష్వాకుల నగరమే కాక రాతియుగపు మనుషులు వాడిన పనిముట్లనుండి మధ్యయుగపు గుళ్లవరకు అన్ని కాలాల గుర్తులూ దొరికాయి.

ఇటువంటి పని ఎలా చేస్తారో తెలుసా? మొదట కట్టడానికి పటం గీస్తారు, ఫొటోలు తీస్తారు. ప్రతి రాతికీ ఒక అంకె వేస్తారు. పైవరుసనుండి ఒక్కొక్క రాయీ విప్పుతారు. కొత్తచోట కింది వరుసనుండి అదే అంకెల ప్రకారం పేరుస్తారు. మీరు బొమ్మ ముక్కల ఆట ఆడతారు గదా, అలాగన్నమాట. కాని ఇక్కడ ఒక్కొక్క ముక్కను ఎత్తడానికి అరడజను మంది కావాలి.

ఎక్కడికి చేర్చారు? లోయ మధ్యనే ఉన్న కొండమీదికి! మీ గిన్నెలో చివరికి మిగిలిన గుట్ట గుర్తున్నదా? ఇదే అది. జలాశయం పూర్తిగా నిండితే నీటిమట్టం సముద్రానికి 590 అడుగుల ఎత్తున ఉంటుంది. అంతకంటే పల్లంగా ఉన్నదంతా మునిగిపోతుంది. ఎత్తుగా ఉన్న ఈ కొండ తల మాత్రం పైకి నిలిచింది. కొండ దీవి అయింది. 1966లో ఈ దీవిమీద మ్యూజియం ఏర్పడింది. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ జలాశయంనుండి కాలువలకు నీరు వదిలారు.

ఇదిగో, లాంచీ రేవు చేరింది. దిగండి. ఒకరినొకరు తోసుకోకండి.

ముందుగా మహాచైత్యం దగ్గరకు పోదాం. పై కప్పు ఏదీ లేకుండా గుండ్రంగా నేలకు పరచినట్టు ఉంటుంది. బండిచక్రంలాగా నడుమ కుండ, చుట్టూ ఆకులు, అంచున పట్టా పెట్టి ఇటుకలతో కట్టారు. ఖాళీలలో మట్టి నింపారు. అంతా ఇటుకే పెడితే ఎంత ఖర్చు! ఇలాగయితే ఇటుక తక్కువ, బలం ఎక్కువ. ఇక్కడి పెద్ద చైత్యాలకు నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు నిలబెట్టేవారు. బుద్ధుడు పుట్టడం, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటి ఉపదేశం చేయడం, కన్నుమూయడం, ఈ ఐదింటికీ అవి గుర్తులు.

ఆ తరువాత స్నానఘట్టం. నదికి దిగే మెట్లన్నమాట. ఆ రాళ్ల అంచులను చూడండి. ఒక రాతికీ ఇంకో రాతికీ మధ్య సందు ఎంత తక్కువగా ఉన్నదో గమనించండి. మన ఊళ్లలో మెట్లబావులను చూచినవారికి ఈ పనితనం విలువ వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు మ్యూజియం లోపలికి పోదాం. లోపల బొమ్మలను ముట్టుకోరాదు. చేతి చెమట రాతికి పట్టి మెల్లమెల్లగా పాడుచేస్తుంది. ఇక్కడి శిల్పాలన్నీ లేత ఆకుపచ్చ ఛాయగల రాతిలో చెక్కారు. ఇది ఏ రాయో ఎవరైనా చెప్పగలరా? పలనాటి సున్నపురాయి. పిల్లలూ, మొదట మీరు చిన్నబుచ్చుకొన్న నాపరాయి గుర్తున్నదా? అదీ సున్నపురాయే. పలనాటి రాయీ, బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపున మన ఇళ్లలో పరచుకొనే రాయీ ఒకే కుటుంబంలోవి. భూగర్భశాస్త్రజ్ఞులు ఆ రాళ్ల కుటుంబానికి పెట్టిన పేరేమిటో తెలుసా? కర్నూలు పేరే! మీరు రోజూ కాళ్లు పెట్టి నడిచే రాతికి చుట్టమే ఇక్కడ బుద్ధుడై నిలబడి ఉన్నాడు. ఇంటికి పోయిన తరువాత పగిలిన నాపరాతి ముక్కమీద నిమ్మకాయ పిండి చూడండి. సన్నగా బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టు. ఈ పరీక్ష ఇంట్లోనే సుమా! మ్యూజియంలో కాదు. ఇంట్లోనయినా అమ్మ కడిగి తుడిచిన గడపమీద కాదు.

శాసనాల దగ్గర ఒక ఆట ఆడదాం. ఇవి ప్రాకృతభాషలో, బ్రాహ్మీ లిపిలో ఉన్నవి. బ్రాహ్మీలో "క" అంటే కూడిక గుర్తులాగా ఉంటుంది. నిలువుగీతకు అడ్డగీత, అంతే. ఇక్ష్వాకుల కాలపు చెక్కుడుపనివారు ఆ నిలువుగీతను కిందికి బాగా సాగదీసి, చివర కొక్కెంలా వంచారు. ఎన్ని "క"లు దొరుకుతాయో వెతకండి. పత్తికొండ దగ్గరి ఎర్రగుడిలో అశోకుని శాసనాలు చూచిన కర్నూలు పిల్లలకు ఈ ఆట సులువు. అక్కడి "క"కు తోక ఉండదు. ఈ లిపే మారుతూ మారుతూ వచ్చి మన తెలుగు లిపి అయింది. కడపజిల్లా కలమళ్లలో రేనాటి చోళులు సుమారు 575లో వేయించిన శాసనం తెలుగుభాషలో మనకు దొరికినవాటిలో మొట్టమొదటిదని చెబుతారు. అంటే ఎర్రగుడి, ఈ దీవి, కలమళ్ల, ఈ మూడూ ఒకే మెట్లదారిలో మూడు మెట్లు.

బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటి ఇక్కడ దొరికింది. ఆమె సింహళదేశపు భిక్షువులకోసం చైత్యం కట్టించింది. ఆ భిక్షువులు ఏ ఏ దేశాలవారికి ధర్మం బోధించారో అందులో చెప్పింది. కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, దమిళ, తామ్రపర్ణి అని ఆ వరుస సాగుతుంది. విమానాలూ రైళ్లూ లేని రోజులలో ఈ లోయలో కూర్చున్న ఒక ఇల్లాలికి ఇన్ని దేశాల పేర్లు తెలుసు! రోము దేశపు బంగారు నాణేలు కూడా ఈ లోయలో దొరికాయి.

ఈ కొండకు పేరిచ్చిన నాగార్జునాచార్యుడు ఇక్కడ నివసించాడని సంప్రదాయం. అతను గొప్ప బౌద్ధ తత్వవేత్త. అతని గ్రంథాలను ఐదవ శతాబ్దం మొదటిలో కుమారజీవుడనే పండితుడు చీనాభాషలోకి మార్చాడు. చీనావారు అతని పేరును కూడా అనువాదం చేశారు. "నాగ" అంటే వారికి డ్రాగన్. "అర్జున" అంటే ఒక చెట్టు. మన తెల్లమద్ది చెట్టుకు సంస్కృతంలో అర్జునమనే పేరు. అందుచేత అతను "డ్రాగన్ చెట్టు" అయ్యాడు. ఆ పేరు చీనానుండి కొరియాకు పోయి అక్కడ "యోంగ్సు" అయింది. కొరియా భిక్షువులు ఈనాటికీ అతని గ్రంథాలు చదువుకొంటారు. జేజు దీవికి పోయే పిల్లవాడు ఏ బౌద్ధాలయంలోనైనా యోంగ్సు పేరు విన్నాడనుకోండి. అతను విన్నది మన కృష్ణానది ఒడ్డున ఉన్న ఈ కొండ పేరే అన్నమాట!

తిరిగి వచ్చిన తరువాత ఒడ్డున ఉన్న అనుపు అనే చోటికి కూడా పోదాం. అక్కడ లోయలోనుండి తెచ్చి నిలబెట్టిన ఆటస్థలం ఉన్నది. నడుమ చదరపు గచ్చు, చుట్టూ రాతి మెట్లు. ఒకరు నడుమ నిలబడి మామూలు గొంతుతో ఒక పద్యం చదవండి. మిగిలినవారు పై మెట్లమీద కూర్చుని వినండి. మాట ఎంతవరకు వినబడుతుందో అడుగులు కొలిచి వ్రాసుకోండి.

సరే, తిరుగు ప్రయాణం మొదలయింది. నోటుపుస్తకం తీయండి. ప్రయోగం నాడు వ్రాసుకొన్న వరుస ఒకసారి చదవండి. మొట్టమొదట మునిగింది ఏది?

అగ్గిపెట్టెలు.

అవును, పల్లంలో, నది పక్కన, మంచి మట్టి ఉన్నచోట మనుషులు ఊళ్లు కట్టుకుంటారు. నీళ్లు మొదట ముంచేది వాటినే. కొండమీదికి చేర్చిన రాళ్లను మనం చూచి వచ్చాం. మరి ఊళ్లు ఏమయ్యాయి? వాటికి అంకెలు వేసి ఎవరు తీసుకుపోయారు?

ఇది ఎక్కడో జరిగిన కథ కాదు. ఇదే కృష్ణమీద, మన కర్నూలుకు దగ్గరలో, శ్రీశైలం ఆనకట్ట కట్టారు. 1963లో పునాది వేశారు. 1980ల మొదటిలో జలాశయం నిండింది. నూరుకు పైగా గ్రామాలు దానిలో మునిగాయి. గుళ్లను మాత్రం కొన్నింటిని కదిలించారు. కృష్ణ, తుంగభద్ర కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, కర్నూలుకు దగ్గరలోనే ఉన్న ఆలంపురంలో మళ్లీ కట్టారు. అది చాళుక్యులనాటి గుడి. పాపనాశి గుళ్లను కూడా అక్కడికే చేర్చారు. ఆలంపురం నేడు తెలంగాణంలో ఉన్నా కర్నూలు పిల్లలు ఒక్క పూటలో పోయి చూచి రావచ్చు.

సప్తనదుల సంగమేశ్వరం మాత్రం కదలలేదు. ఇది వేరే గుడి. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నది. ఏటా చాలా నెలలు ఆ గుడి నీళ్లలో ఉంటుంది. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడుతుంది. అప్పుడు బురద కడిగి, అక్కడి వేపకొయ్య లింగానికి పూజలు చేస్తారు. వానలు వచ్చి వరద చేరగానే స్వామి మళ్లీ మునిగిపోతాడు.

ఇటువంటి పనులు ప్రపంచంలో వేరేచోట కూడా జరిగాయి. ఈజిప్టు దేశంలో నైలునదికి అస్వాను ఆనకట్ట కట్టినప్పుడు, అబూసింబెల్ అనే చోట రామ్సెస్ రాజు కొండలో తొలిపించిన గుళ్లు మునిగిపోయే ప్రమాదం వచ్చింది. ఎన్నో దేశాలు డబ్బు వేసుకొని, 1964 నుండి 1968 వరకు శ్రమపడి, ఆ గుళ్లను వెయ్యికిపైగా ముక్కలుగా కోసి, దాదాపు 65 మీటర్ల ఎత్తుకు చేర్చారు. ఫైలే దీవిలోని గుళ్లను పక్కనున్న మరొక దీవికి మార్చారు. ఆ ఆనకట్టవల్లనే నూబియా అనే ప్రాంతపు ప్రజలు వేలకువేలు తమ ఊళ్లు విడిచిపోయారు. ఆ గుళ్లను చూడబోయే యాత్రికులలో ఈ సంగతి తెలిసినవారు కొద్దిమందే.

ఇదంతా చెప్పి ఆనకట్టలు చెడ్డవని నేను అనడం లేదు. శ్రీశైలం జలాశయంనుండి పోతిరెడ్డిపాడు తూముల గుండా వచ్చే నీళ్లే ఈనాడు నంద్యాల, కడప జిల్లాలలో ఎన్నో పొలాలను తడుపుతున్నవి. నీటికోసం సీమవారు ఎన్ని తరాలు ఎదురుచూశారో మీ ఇంట్లో పెద్దలను అడగండి, చెబుతారు. కాని ఆ నీళ్లు ఊరికే రాలేదు. ఒకరి పొలానికి నీరు రావడంకోసం ఇంకొకరి ఊరు మునిగింది. ఆ ఊరివారు తలుపులూ, దూలాలూ ఊడదీసి బండ్లకు ఎత్తుకొని పోయారు. ఆ బాకీ ఒకటి ఉన్నదని నీళ్లు త్రాగేవారు మరిచిపోకూడదు. కడపజిల్లా పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పనక్కర లేదు. సోమశిల జలాశయంకింద వారి జిల్లా ఊళ్లు ఎన్నో పోయాయి. గండికోట జలాశయంకోసం కొండాపురంవైపు ఊళ్లవారు 2020లోనే ఇళ్లు విడిచారు. వారి పిల్లలలో కొందరు ఈనాడు మీ పక్క బెంచీమీదనే కూర్చుని ఉండవచ్చు.

కనుక పిల్లలూ, ఈ యాత్ర చేసినవారికి ఒక పని ఒప్పచెబుతున్నాను. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని, మీ స్నేహితుల ఇళ్లలోగాని, మునిగిన ఊరినుండి వచ్చిన అవ్వో తాతో ఉంటే వారి దగ్గర కూర్చోండి. "తాతా, మీ ఊళ్లో మంచినీళ్ల బావి ఎక్కడుండేది? రచ్చకట్ట దగ్గర ఏ చెట్టు ఉండేది? బడి ఏ దిక్కున ఉండేది? పీర్ల పండుగ, తిరునాళ్ల ఎక్కడ జరిగేవి? మీ చేనికి ఏమని పేరు?" అని అడగండి. వారు చెప్పినట్టే నోటుపుస్తకంలో ఊరి పటం గీయండి. వీధులకూ, బావులకూ, చేలకూ పేర్లు వ్రాయండి. మొదట తాత "ఎందుకులే నాయనా" అనవచ్చు. అవ్వ కళ్లు తుడుచుకోవచ్చు. తొందరపెట్టకండి. రెండవనాడు మళ్లీ పోయి కూర్చోండి. గీసిన పటం చూపించండి. "ఇక్కడ కాదురా బావి, ఇంకా ఇవతల!" అని వారే పెన్సిలు తీసుకుంటారు.

ఊరిని మొత్తం విప్పి కొండమీదికి చేర్చడం ఎవరి తరమూ కాదు. కాని పేర్లకు బరువు లేదు గదా! వాటిని చేర్చడానికి ఒక్క నోటుపుస్తకం చాలు. ఆలస్యం మాత్రం పనికిరాదు. అక్కడ పురావస్తుశాఖవారికి నీళ్లు ముంచుకొని వస్తున్నట్టే, ఇక్కడ మనకు కాలం ముంచుకొని వస్తున్నది. ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. బడిలో యాత్ర అనగానే "ఖర్చు, చదువు చెడుతుంది" అని వెనుకాడకండి. ఒక్క లాంచీ ప్రయాణంలో పిల్లలు భూగోళం, చరిత్ర, లిపి, రాళ్లు అన్నీ కళ్లారా చూచి నేర్చుకొంటారు. డబ్బు చాలనివారు నిరుత్సాహపడనక్కర లేదు. ఆలంపురమో, ఎర్రగుడో, కలమళ్లో చూపించినా చాలు. పిల్లలు ఇంటికి వచ్చి అడిగే ప్రశ్నలకు మాత్రం విసుక్కోకండి. అవ్వాతాతలతో వారు కూర్చునే గంటకు మీరు కూడా వచ్చి కూర్చుంటే ఇంకా మంచిది. మీరు ఎన్నడూ అడగని సంగతులు కొన్ని అప్పుడు మీకూ తెలుస్తాయి.

ఇక బస్సు ఆత్మకూరు దాటింది. అరుగో, వెనుక సీట్లో నలుగురు అప్పుడే నిద్రపోతున్నారు. మిగిలినవారు కిటికీలోనుండి చూడండి. ఎర్రనేల, నాపరాతి గోడలు, దూరాన ఒక వంక. మనం పోయినప్పుడు కూడా ఇవన్నీ ఇక్కడే ఉన్నవి. ఇప్పుడు ఆ గోడను చూస్తే అది ఏ కుటుంబపు రాయో మీకు తెలుసు.

మీరు గీసిన ఊరి పటాలను బడిలో మీ పంతులుగారికి చూపించండి. అన్నీ కలిపి కుట్టి బడిలో ఒక పుస్తకంగా దాచమని అడగండి. స్తంభం చూచి చెప్పిన ఆ పంతులుగారి వంటివారు ఇప్పుడూ ఉన్నారు, తప్పక దాస్తారు.

వచ్చే నెల ఇంకొక చోటికి బయలుదేరుదాం. అంతవరకు సెలవు!